మీనాక్షి వంటయిల్లు

పరమలోభిని గూర్చి చెప్పవలసినపుడు మన పెద్దలు "వాడు పిల్లికి బిచ్చము పెట్టడు" అందురు. చిన్ననాడు ఈ మాట వినినపుడెల్ల నాకు లోలోపల గర్వము కలుగుచుండెను. ఏలయన, నేను పిల్లికి పెట్టువాడను. ఒక పూట గాదు, మూడు పూటలును పెట్టువాడను. అయినను, పెట్టుట వేరు, తగినది పెట్టుట వేరు అను సంగతి, నా చేతి మీదుగా ఒక మూగజీవి ప్రాణమునకు ముప్పు వచ్చిన పిదప గాని నాకు తెలియలేదు.

మాది భీమునిపట్నము. గోస్తనీనది బంగాళాఖాతమున గలియు చోట నున్న చిన్న పట్టణమది. మా మేడమీద నిలిచి చూచినచో సముద్రము కనబడును. గాలి అటునుండి వీచినపుడు, ఒడ్డున ఇసుకపై ఎండబెట్టిన చేపల వాసన మా వీధి దాక వచ్చుచుండెను. ఆ వాసన తగులగనే మా బామ్మ కిటికీ తలుపులు మూయించెడిది. మాది శాకాహార కుటుంబము. బామ్మ మడి కట్టుకొని వంట చేయును. ఆమె వంటలో చేపలు, మాంసము మాట యటుంచి, ఉల్లిపాయయు వెల్లుల్లియు కూడ ఉండెడివి కావు.

1991వ సంవత్సరము శ్రావణమాసమున, జోరున వాన కురియుచున్న యొక రాత్రి, మా పెరటిలోని బాదముచెట్టు క్రింద ఒక పిల్లికూన అరచుచుండెను. బామ్మయే లాంతరు పట్టుకొని పోయి, దానిని పాతతువ్వాలులో చుట్టి లోనికి తెచ్చెను. దాని యొడలు బూడిదవన్నె, పాదములు తెలుపు, కన్నులు ముఖమునకు మించినవి. ఆ కన్నులను చూచి బామ్మ దానికి మీనాక్షి యని పేరు పెట్టెను. మీనముల వంటి కన్నులు గలది యని ఆ పేరునకు అర్థము. పేరులోని మీనమునకు మా యింట చోటు లేదను మాట ఆనాడు ఎవ్వరికిని తోచలేదు.

మీనాక్షికి మేము పెట్టినది పెరుగన్నము, పాలు. అది పెరుగన్నమును కొంత తిని కొంత విడుచుచుండెను. పాలు త్రాగిన నాడు దానికి కడుపు చెడుచుండెను. అయినను "పిల్లి పాలు త్రాగక మరేమి త్రాగును?" అని మేము మరల పాలే పోయుచుంటిమి. అది బ్రతికినది మా పెరుగన్నముతో గాదు. రాత్రివేళ పెరటిలో తాను పట్టుకొనిన ఎలుకలతోడను, గోడమీది బల్లులతోడను బ్రతికినదని ఇప్పుడు నాకు తెలియును. ఆనాడు మాత్రము అదంతయు మా దయాఫలమే యనుకొనుచుంటిని.

సంక్రాంతి పండుగనాడు నేను నా వంతు అరిసెలో సగము త్రుంచి మీనాక్షి ముందు పెట్టితిని. అది ఒకమారు వాసన చూచి, ఇసుకమీద చేయునట్లు కాలితో నేలను గీకి, వెళ్లిపోయెను. నాకు మిక్కిలి అవమానమైనట్లు తోచెను. "దీనికి రుచి తెలియదు" అని బామ్మతో చెప్పితిని. బామ్మ నవ్వి, "దాని రుచి నీకు తెలియదేమో!" అనెను. ఆ మాటను నేను పరిహాసమనుకొంటిని.

సంక్రాంతి వెళ్లిన కొలదిదినములకే మీనాక్షి డొక్కలు కనబడజొచ్చెను. మా యింటికి ఎలుకలు రాకుండ పెరటిగోడ కన్నములను నాన్న సున్నముతో పూడ్పించియుండెను. దాని వేట అంతటితో సన్నగిల్లినది. మేము ఆ రెంటికిని గల సంబంధమును ఎరుగము. అది బలహీనముగా నున్నదనియు, దానికేదైన మంచి చిరుతిండి చేసిపెట్టవలెననియు నాకు పట్టుదల కలిగెను.

నాతో ఎనిమిదవ తరగతి చదువుచున్న యొక మిత్రుడు ఉండెను. వానిది సముద్రపుటొడ్డున చేపలవారి వాడ. వాని తల్లిని నేను "అత్తా" యని పిలుచుచుంటిని. ఒకనాడు ఆమె సంతకు పోయినపుడు, మేమిద్దరము వారి యింటి వెనుక కూర్చుండి నా వంటకము మొదలుపెట్టితిమి. ఎండిన నెత్తళ్లు పిడికెడు తీసి రోట వేసి దంచితిమి. అందులో ఒక పెద్ద ఉల్లిపాయను, ఆరు వెల్లుల్లిరెబ్బలను చేర్చితిమి. ఉల్లి చేర్చుటకు నాకొక గట్టి ఆధారమే కలదు. "ఉల్లి చేసిన మేలు తల్లియైనను చేయదు" అను సామెతను మా తరగతిలో అంతకు ముందు వారమే నేర్చియుంటిమి. ఇంత మేలు చేయు వస్తువు మా యింట దొరకక పోవుట చేతనే మీనాక్షి చిక్కిపోయినదని నేను నిశ్చయించుకొంటిని. ఆ ముద్దను గంజితో కలిపి చిన్నచిన్న వడియములుగా పెట్టి, రెండు దినములు ఎండబెట్టి, ఒక డబ్బాలో పోసి, మా బాదముచెట్టు వెనుక దాచితిని.

మీనాక్షి ఆ వడియములను ఎంత ఆత్రముతో తినెనో చెప్పలేను. నెత్తళ్ల వాసన దాని నంతగా ఆకర్షించెను. నన్ను చూచినపుడెల్ల తోక నిలువున నెత్తి పరుగెత్తుకొని వచ్చుచుండెను. ఆ వారము దినములు నేను నా జీవితములో మొదటి మారు ఒక గొప్ప పని చేసితినని భావించితిని.

ఎనిమిదవ నాడు అది రాలేదు. వెదకగా, కట్టెల మోపుల వెనుక ముడుచుకొని పండుకొనియుండెను. పిలిచినను తల యెత్తలేదు. వడియము ముక్కు దగ్గర పెట్టినను వాసన చూడలేదు. ఊపిరి వడివడిగా ఆడుచుండెను. అది తడిపిన చోట నేల కాఫీరంగుగా నుండెను. నా గుండె జల్లుమనెను. నాన్న ఊరిలో లేడు. నేను బామ్మను పిలిచితిని. బామ్మ దానిని ముట్టి చూచి, మారు మాటాడక, కూరగాయల బుట్టలో పాతచీర పరచి, అందులో దానిని పరుండబెట్టెను. మేమిద్దరము రిక్షా ఎక్కి పశువైద్యశాలకు పోయితిమి.

అక్కడ ఆవులు, గేదెలు, ఒక మేక మాత్రమే ఉండెను. బుట్టలోని పిల్లిని చూచి కొందరు నవ్విరి. డాక్టరుగారు నవ్వలేదు. ఆయన మీనాక్షి పెదవిని పైకెత్తి చిగుళ్లు చూచిరి. గులాబివన్నె నుండవలసిన చిగుళ్లు సుద్దముక్కవలె తెల్లబడి యుండెను.

"ఈ వారము దినములలో దీనికేమి పెట్టితివి, బాబూ?" అని ఆయన యడిగిరి.

"పెరుగన్నమండి" అంటిని.

"మరేమియు లేదా?"

బామ్మ నా ప్రక్కనే నిలిచియుండెను. ఆమె ఎదుట చేపల మాట ఎట్లు చెప్పగలను? "లేదండి" అని తల వంచుకొంటిని.

డాక్టరుగారు కోపపడలేదు. నా భుజముమీద చేయి వేసి, "నాయనా, మనుష్యుడైనచో తాను తినినదేమో, తన నొప్పి ఎక్కడనో తానే చెప్పుకొనును. ఈ బుట్టలోనిది చెప్పలేదు. దానికి బదులు నీవు చెప్పవలెను. నీవు దాచినచో నేను చీకటిలో వైద్యము చేయవలసి వచ్చును" అనిరి.

ఆ మాటతో నా కనులలో నీరు తిరిగెను. నెత్తళ్లు, ఉల్లి, వెల్లుల్లి, డబ్బా, బాదముచెట్టు – అన్నియు వరుసగా చెప్పివేసితిని. బామ్మ ముఖము వంక చూచుటకు నాకు ధైర్యము చాలలేదు.

"నెత్తళ్లలోని ఉప్పు కొంత చెరుపు చేసియుండును. అసలు విషము మాత్రము ఉల్లియు, వెల్లుల్లియు" అని డాక్టరుగారు చెప్పిరి. ఉల్లిలోని కొన్ని గంధక పదార్థములు పిల్లి రక్తములోని ఎర్రకణములను దెబ్బతీయుననియు, ఆ కణములు పగిలి రక్తము పలుచబడుననియు, పచ్చిదైనను, వండినదైనను, ఎండినదైనను దాని విషగుణము పోదనియు వివరించిరి. పిల్లి బరువు కిలో ఒక్కింటికి అయిదు గ్రాముల ఉల్లియే చెరుపు చేయగలదట! మీనాక్షి బరువు రెండున్నర కిలోలు. నేను పెట్టినది అంతకంటె చాల ఎక్కువ.

"అయ్యా, ఉల్లి చేసిన మేలు తల్లియైనను చేయదందురు గదా!" అని నేను ఏడ్చుచు అంటిని.

ఆయన చిరునవ్వు నవ్వి, "ఆ సామెత మనుష్యులు మనుష్యులకు చెప్పుకొనినది. అది పిల్లుల సామెత గాదు" అనిరి.

ఈ విషమునకు విరుగుడు మందు లేదు. ఆయన చర్మము క్రింద సెలైను ఎక్కించి, ఒక విటమిను సూది వేసి, "ఇక చేయవలసినది మీరే. ఉల్లి ఆగినచో దాని శరీరమే క్రొత్త కణములను చేసికొనును. అందుకు బలము కావలెను. పిల్లి రెండు మూడు దినములు ఏమియు తినకపోయినచో దాని కాలేయము చెడును. కావున ఈ రాత్రియే దీనిచేత ఏదైన తినిపింపవలెను" అని చెప్పిరి.

అంతవరకు మౌనముగా నున్న బామ్మ అపుడు నోరు విప్పెను. "పెరుగన్నము పెట్టవచ్చునా, డాక్టరుగారూ?"

"పెట్టినను తినదమ్మా. తినినను చాలదు. ఆవు గడ్డి తినునట్లు ఇది మాంసము తినవలసిన జంతువు. చేపయో, కోడియో, గ్రుడ్డో – ఉప్పు, కారము, ఉల్లి లేకుండ ఉడికించి, ఆ నీటితో సహా పెట్టవలెను."

తిరిగి వచ్చునపుడు రిక్షాలో బామ్మ ఒక్క మాటయు మాటాడలేదు. బుట్టను ఒడిలో పెట్టుకొని, సముద్రము వైపు చూచుచు కూర్చుండెను. ఇల్లు చేరిన పిదప నన్ను పిలిచి, "మీ స్నేహితుని తల్లిని పిలుచుకొని రమ్ము. రెండు చేపలు తెమ్మని చెప్పుము" అనెను.

నేను నిశ్చేష్టుడనై, "మన యింటనా, బామ్మా?" అంటిని.

"ఇంట గాదు, పెరటిలో. మడి నాది, ఆకలి దానిది. నా మడికొరకు దాని కడుపు మాడ్చుమని ఏ శాస్త్రము చెప్పినదిరా?" అనెను. పిమ్మట కొంత ఆగి, "చేపలు తాకినందుకు నిన్నేమియు అనను. డాక్టరు ముందర అబద్ధమాడితివి. అందుకు మాత్రము, దాని గిన్నె, పొయ్యి ప్రతిదినము నీవే కడుగవలెను" అనెను.

ఆ సాయంకాలము బాదముచెట్టు క్రింద మూడు రాళ్లతో ఒక పొయ్యి వెలసెను. అత్త రెండు చేపలను తెచ్చి, పొలుసు గీకి, ప్రేవులు తీసి, కడిగి, క్రొత్త కుండలో మునుగునంత నీరు పోసి పొయ్యిపై పెట్టెను. "ఉప్పు కూడ వలదా, మామ్మగారూ?" అని ఆమె ఆశ్చర్యముతో అడిగెను. "డాక్టరు వలదనెనమ్మా" అని బామ్మ వెనుకగడప మీదనుండియే బదులు చెప్పెను. ఆమె అటు ముఖము త్రిప్పుకొని, ముక్కునకు కొంగు అడ్డము పెట్టుకొని కూర్చుండియుండెను. చేప ఉడికిన పిదప అత్త దానిని పళ్లెములో పరచి, కండను వ్రేళ్లతో చిదిపి ముండ్లు తీయుట నాకు నేర్పెను. "కంటిని నమ్మవద్దు బాబూ, వ్రేళ్లను నమ్ము. ఒకమారు తీసి, మరల ఒకమారు తడిమి చూడు" అనెను. అటు తిరిగి కూర్చున్న బామ్మ ఇటు తిరుగకయే, "రెండవమారు తడిమితివా?" అని నన్నడిగెను.

ఆ రాత్రి గోరువెచ్చని చేపనీటిని వ్రేలితో తీసి మీనాక్షి పెదవికి రాచితిని. మొదట అది కదలలేదు. మరల రాచితిని. కొంతసేపటికి దాని గరుకునాలుక నా వ్రేలిని తాకెను. ఆ స్పర్శ నాకిప్పటికిని జ్ఞాపకము. గంటకొకమారు రెండేసి చెంచాలు త్రాగించితిమి. తెల్లవారుజామున నేను నిద్రపోతిని. లేచి చూచునప్పటికి బామ్మ స్నానమునకు ముందు, తడియారని కన్నులతో, దాని ముందర చెంచా పట్టుకొని కూర్చుండియుండెను.

మూడవ నాటికి మీనాక్షి కండ తినెను. పది దినములకు చిగుళ్లకు రంగు వచ్చెను. నెల తిరుగునప్పటికి గోడ ఎక్కెను.

పిదప మా పెరటిపొయ్యి ఆరిపోలేదు. దానిని ఇంటిల్లిపాదియు "మీనాక్షి వంటయిల్లు" అనుచుండిరి. డాక్టరుగారిని అడిగి, అత్తను అడిగి, నేను అక్కడ మూడు చిరుతిండ్లను చేయ నేర్చితిని. ఇవి కష్టమైనవి కావు కనుక చెప్పుచున్నాను.

మొదటిది ఆవిరి ముద్ద. బామ్మ తన పాత ఇడ్డెనపళ్లెమును ఒకదానిని మీనాక్షికి దానము చేసెను. ఉడికించి ముండ్లు తీసిన చేప పావుకిలో, ఒక కోడిగ్రుడ్డు, ఉడికించి మెదిపిన గుమ్మడి ఒక చెంచాడు – ఈ మూటిని కలిపి ఇడ్డెనగుంటలలో పెట్టి, పావుగంట సేపు ఆవిరిమీద ఉడికించెడివాడను. చల్లారిన పిమ్మట శనగగింజంతేసి ముక్కలుగా కోయవలెను. రెండవది కోడిమాంసపు నారలు. ఎముక లేని కండను నీటిలో బాగుగా ఉడికించి, నార వెంబడి చీల్చి, పెనముమీద సన్నని సెగను కరకరలాడు వరకు ఆరబెట్టవలెను. మూడవది అన్నిటికంటె సులభము. గ్రుడ్డును గట్టిగా ఉడికించి, పచ్చసొనను తెల్లసొనను కలిపి పొడిపొడిగా నలుపుటయే. వేటిలోను ఉప్పు లేదు, నూనె లేదు, మసాలా లేదు. మనకు చప్పనైనది దానికి చప్పన గాదు.

అత్త వాడలోని పిల్లులు పచ్చిచేపలనే తినుచుండెను. కాని డాక్టరుగారు ఉడికించియే పెట్టుమనిరి. పచ్చిచేపలో పురుగులు ఉండవచ్చును. కొన్ని జాతుల చేపలలో బీ–1 విటమినును నశింపజేయు పదార్థము కలదు. వేడిచేసినచో అది చెడిపోవును. పచ్చి తెల్లసొన కూడ ఒక విటమినును దేహమునకు దక్కనీయదు. ఉడికిన ఎముకలు మాత్రము ఎన్నడును పెట్టరాదు. అవి సూదులవలె చీలి గొంతునను, ప్రేవులను గ్రుచ్చుకొనును. కార్జము పిల్లికి ప్రాణమే గాని, వారమునకు బొటనవ్రేలి గోరంత చాలును. అధికమైనచో అందలి ఏ విటమిను పేరుకొని మెడ ఎముకలు బిగిసిపోవును. మీనాక్షికి పాలు మానిపించితిమి. పాలు విడిచిన పిదప అనేకము పిల్లుల కడుపులో పాలచక్కెరను జీర్ణించు శక్తి తగ్గిపోవునట. బామ్మ నెలల తరబడి దయతో పోసిన పాలే దాని కడుపు చెడుటకు కారణమని తెలిసి, ఆమె చాలసేపు మాటాడక కూర్చుండెను.

డాక్టరుగారు చెప్పినవి చేయవలసిన పనులు. అవి ఎందుకు చేయవలెనో, పెద్దవాడనై పుస్తకములు చదివిన పిదప తెలిసికొంటిని. నేటి పెంపుడుపిల్లికి మూలపురుషుడు పశ్చిమాసియా ప్రాంతపు అడవిపిల్లి. మనుష్యుడు ధాన్యము నిలువచేయ మొదలిడినపుడు ఎలుకలు చేరినవి. ఎలుకల వెంట పిల్లులు చేరినవి. సైప్రస్ ద్వీపమున సుమారు 9,500 ఏండ్లనాటి యొక మనుష్యుని సమాధి ప్రక్కన పూడ్చిన పిల్లి అస్థిపంజరము దొరికినట్లు 2004లో ప్రకటించిరి. ఇన్నివేల ఏండ్లు మన గడపలో నున్నను, దాని కడుపు మాత్రము అడవిలోనే యున్నది. దాని దౌడపండ్లు నమలుటకు గాక కోయుటకే తగియున్నవి. క్యారెట్టులోని పచ్చని పదార్థమును మన శరీరము ఏ విటమినుగా మార్చుకొనును. పిల్లి శరీరము మార్చుకొనలేదు. దానికది మాంసములోనుండియే రావలెను.

టారిన్ అను పదార్థమొకటి కలదు. అది కండలో, చేపలో ఉండును. అన్నములో, పప్పులో ఉండదు. అది లోపించిన ఆహారము తినిన పిల్లుల కంటి వెనుకపొర క్షీణించునని 1975లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. గుండె కండరము కూడ బలహీనపడి ప్రాణము తీయునని 1987లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. టారిన్ నీటిలో కరగును. కావుననే ఉడికించిన నీటిని పారబోయరాదు. ఆ రాత్రి మీనాక్షి నాకిన చేపనీటిలో ఇంత అర్థమున్నదని ఆనాడు నాకు తెలియదు.

ఇక అరిసె సంగతి. పిల్లి నాలుకకు తీపిని గుర్తించు శక్తియే లేదు. తీపిని పట్టుకొను జన్యువు ఒకటి దానిలో చెడిపోయియున్నదని 2005లో ఫిలడెల్ఫియా నగరమందలి మోనెల్ పరిశోధనాసంస్థవారు నిరూపించిరి. "దాని రుచి నీకు తెలియదేమో" అని బామ్మ పదమూడేండ్ల ముందుగనే చెప్పినది పరిహాసము గాదు, సత్యము!

చిరుతిండి యెంత మంచిదైనను అది చిరుతిండియే. నాలుగు కిలోల పిల్లికి దినమునకు 200 నుండి 250 కెలోరీల ఆహారము కావలెను. అందులో చిరుతిండి పదవవంతునకు మించరాదు. అనగా ఉడికించిన కోడికండ యొక పెద్ద చెంచాడు. మిగిలినది దానికి కావలసిన సమస్త ధాతువులు, విటమినులు కలిగిన పూర్ణాహారముగా ఉండవలెను. అట్టి పూర్ణాహారమును ఇంట వండదలచినవారు పశువైద్యుని అడిగి వండుట మేలు. చేసిన చిరుతిండిని ఆనాడు మేము మరుపూటకు మించి ఉంచలేదు. ఇప్పుడు శీతలపేటికలో రెండు మూడు దినములు ఉంచుచున్నాను. పెట్టునపుడు మాత్రము గోరువెచ్చగా పెట్టుదును. అప్పుడే పట్టిన ఎలుక వెచ్చగా నుండును గదా! పిల్లికి ఆ వెచ్చదనమే ఇష్టము. ఉల్లి, వెల్లుల్లి, చాకొలేటు, ద్రాక్ష, కిస్‌మిస్ – వీటిని దాని దరికి రానీయను.

బామ్మ 1999లో స్వర్గస్థురాలయ్యెను. కడవరకు ఆమె మడి వీడలేదు, చేపను ముట్టలేదు. అయినను ప్రతి సాయంకాలము వెనుకగడప మీద కూర్చుండి, "ముండ్లు తీసితివా? రెండవమారు తడిమితివా?" అని అడుగుట మానలేదు. మీనాక్షి పదమూడేండ్లు బ్రతికి 2004లో పోయెను. పొయ్యిరాళ్లు మూడును, ఇడ్డెనపళ్లెమును నాకు మిగిలెను.

ఇప్పుడు నేను విశాఖపట్నమున నున్నాను. మా యింట రెండు పిల్లులున్నవి. మొన్న మా ప్రక్కయింటి బాలిక పాలగ్లాసుతో వచ్చి గుమ్మములో నిలిచి, "మామయ్యగారూ, మీ పిల్లికి ఇవి పోయవచ్చునా?" అని యడిగెను. నేను ఇడ్డెనపళ్లెము నుండి శనగగింజంత ముక్కను తీసి ఆమె అరచేతిలో పెట్టితిని. పిల్లి వచ్చి ఆ చేతిని వాసన చూచి, ముక్క తిని, అరచేయి నాకెను. బాలిక కిలకిల నవ్వెను. పోయుటకు ముందు అడుగుట ఆమెకు తెలియును. పదమూడవయేట నాకు తెలియని దదియే.